పెద్దగా డబ్బు పెట్టకుండా మనల్ని మనం ఎలా చూసుకోవాలి? గోదావరి జిల్లాల వాళ్ళు చెప్పండి

కోనసీమ_కోడలు
మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం తొమ్మిది వేలు. మా ఆయన కొబ్బరి వ్యాపారి దగ్గర గుమస్తా. ఇద్దరు పిల్లలు. రెండేళ్ళ కిందట అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగా ఆడవు. పొద్దున్న నాలుగున్నరకి లేస్తే రాత్రి పదిన్నరకి నడుం వాలుస్తాను. ఈ మధ్య ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. మొన్న బాబు పెన్సిల్ పోగొట్టుకున్నాడని గట్టిగా కొట్టాను. వాడు నిద్రలో కూడా వెక్కుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

ఫోన్లో చూస్తే అందరూ సెల్ఫ్ కేర్, సెల్ఫ్ కేర్ అంటున్నారు. అది చూసి 1,899 రూపాయలు పెట్టి ఒక కిట్ తెప్పించాను. ముఖానికి క్రీము, ఒక నూనె సీసా, సువాసన కొవ్వొత్తి. నెలన్నర అయింది, కొవ్వొత్తి ఇంకా డబ్బాలోంచి తీయలేదు. ఆ డబ్బుతో పాపకి స్కూలు బూట్లు వచ్చేవి. ఆయన ఏమీ అనలేదు గానీ నాకే మనసు పీకుతోంది. డబ్బు పెద్దగా అక్కర్లేకుండా మీరు ఏం చేస్తున్నారు? ఎక్కడో చదివినవి వద్దు, మీరు నిజంగా చేస్తున్నవి చెప్పండి.

కడియం_మొక్క
ముందు ఆ కిట్ గురించి బాధపడటం మానేయండి అక్కా. కొన్నారు, అయిపోయింది. నేను సాయంత్రం ఆకుకూర మడికి నీళ్ళు పోసే పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడను. ఇంట్లో వాళ్ళకీ అలవాటైపోయింది. ఖర్చు గుప్పెడు తోటకూర విత్తనాలు.

మామ్మ_మాట
ఆదివారం తలంటు పోసుకో తల్లీ. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మాడుకి బాగా పట్టించు. ఒంటికి కూడా రాసుకుని అరగంట ఎండలో కూర్చో. సున్నిపిండితో నలుచుకుని, కుంకుడు రసంతో తలంటుకుని, జుట్టుకి సాంబ్రాణి పొగ పట్టు. సున్నిపిండి బజార్లో కొనకు. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, ఎండబెట్టిన కమలా తొక్కలు, కచ్చూరాలు, కాస్త పసుపు కలిపి మరలో ఆడించు. ఇంటిల్లిపాదికీ నెలల తరబడి వస్తుంది. చెవుల్లో కూడా నాలుగు చుక్కలు నూనె వేసుకో, వేడి తీస్తుంది.

గౌతమి_నర్సు
మామ్మగారూ, తలంటు బాగుంది. చెవుల్లో నూనె మాత్రం వద్దండి. కర్ణభేరికి చిల్లు ఉన్న సంగతి చాలామందికి తెలియదు. అలాంటి చెవిలో నూనె పోస్తే లోపల చీము పట్టొచ్చు.

కోనసీమ అక్కా, నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మీరు రాసింది చదవగానే నాకు ముందు రక్తపరీక్ష గుర్తొచ్చింది. నీరసం, చిరాకు, ఏ పని మీదా మనసు పోకపోవడం అని వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది. గర్భంతో లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పరీక్ష ఉచితం, ఐరన్ మాత్రలూ ఉచితం. థైరాయిడ్ సంగతి కూడా డాక్టరు గారిని అడగండి. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే ఓ గంట ఆగండి. టీ వల్ల తిండిలో ఉన్న ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మునగాకు పప్పు, తోటకూర పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, అప్పుడు బాగా పడుతుంది.

ఇంకో మాట. ఊరికే ఏడుపు రావడం, దేని మీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటిందంటే అది అలసట ఒక్కటే కాకపోవచ్చు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే ఇదీ. మొహమాటపడకండి.

కాకినాడ_హాస్టల్
14416 నేను చేశాను, సెమిస్టర్ పరీక్షలప్పుడు. అరగంట ఓపిగ్గా విన్నారు. ఆ రోజు నాకు అదే కావాలి.

రిటైర్డ్_మాస్టారు
నన్ను తప్పుగా అనుకోవద్దు. మా అమ్మ ఎనిమిది మందిని పెంచింది. గేదెలు, వ్యవసాయం, ముసలి అత్తమామలు, వచ్చేపోయే చుట్టాలు. తనని తాను చూసుకోవాలనే మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. ఎనభై రెండేళ్ళు బతికింది. పనిలో పడితే మనసు దానంతట అదే కుదుటపడుతుందని నా నమ్మకం. ‘నాకోసం నేను’ అనే ఆలోచన ఎక్కువైతే ఇల్లు ఇల్లులా ఉండదు.

నర్సాపురం_లేసు
మాస్టారూ, ఆవిడ నాలుగున్నర నుంచి పదిన్నర దాకా పనిలోనే ఉందని మొదటి పోస్టులోనే రాసింది. పనిలో పడితే కుదుటపడేదే అయితే ఈపాటికి పడి ఉండాలి కదండీ.

నేను లేసు అల్లుతాను. పదిహేనో ఏట నుంచి ఇదే పని. మెడ పట్టేసి, కళ్ళు మంటలెత్తి, రాత్రి సూది పట్టుకుంటే దారం రెండుగా కనిపించేది. కళ్ళ క్యాంపులో డాక్టరమ్మ ఒక చిట్కా చెప్పింది. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న దాన్ని ఇరవై సెకన్లు చూడమంది. మా వాకిట్లోంచి చూస్తే కాలువ అవతల కొబ్బరిచెట్టు ఉంది. దాని మొవ్వు వైపు చూస్తూ ఇరవై లెక్కపెడతాను. మా అరుగు మీద ఆరుగురం అల్లుతాం. ఒకరు ‘చెట్టు’ అంటే అందరం తలెత్తుతాం. దారిన పోయేవాళ్ళు పైన ఏముందా అని ఆగి మరీ చూస్తారు!

వశిష్ఠ_గట్టు
హహ, ఆరుగురూ ఒకేసారి తలెత్తితే నేనైనా ఆగి చూస్తాను.

కోనసీమ_కోడలు
నర్సుగారూ, అన్నం తినగానే టీ తాగకపోతే నాకు మధ్యాహ్నం క్లాసు నడవదు. మీకెలా తెలిసింది? 😊 పీహెచ్‌సీకి శనివారం వెళ్తాను.

మాస్టారూ, తప్పుగా ఏమీ అనుకోలేదండి. మా అత్తగారూ ఇదే మాట అంటారు.

భీమవరం_చెరువు
మగవాళ్ళ సంగతి కూడా రాస్తాను, ఏమీ అనుకోకండి. నాది నాలుగెకరాల రొయ్యల చెరువు, కౌలుకి. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. తెల్లవారబోయే ముందు చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే ఫ్యాన్లు, ఆగితే, జనరేటర్ వెయ్యడం కాస్త ఆలస్యమైనా రొయ్యలు చచ్చి పంట పోతుంది. అందుకని మూడేళ్ళు రాత్రిళ్ళు గట్టు మీదే ఉన్నాను. మధ్య మధ్యలో కునుకు తీసినా ఫ్యాన్ల చప్పుడు ఆగినట్టు కల వచ్చి ఉలిక్కిపడి లేచేవాడిని. రోజుకి తొమ్మిది పది టీలు. బీపీ 160 దాటింది. ఇంటికెళ్తే మా అమ్మాయి నా దగ్గరికి రావడం మానేసింది, ఎప్పుడూ కసురుకుంటానని.

డాక్టరు మాత్రలు రాసి, రాత్రి నిద్ర లేకుండా ఈ మాత్రలు ఎంతని పనిచేస్తాయి అన్నారు. అప్పుడు పక్క పక్క చెరువుల వాళ్ళం నలుగురం కూర్చున్నాం. నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి ఒకడు నాలుగు చెరువులూ కాస్తాడు. మిగతా ముగ్గురూ ఇంటికెళ్ళి పడుకుంటారు. మొదటి నెల ఎవరికీ నమ్మకం లేదు. నా వంతు కాని రాత్రి కూడా ఒంటిగంటకి లేచి బండేసుకుని వెళ్ళి చూసొచ్చాను, రెండుసార్లు. మూడోసారి వెళ్తే ఆ వంతు కుర్రాడు, ‘అన్నా, నేనుండగా నువ్వెందుకొచ్చావు, పో’ అన్నాడు. ఆ రాత్రి నుంచి పడుకుంటున్నాను. సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేశాను. బీపీ ఇప్పుడు 136, మాత్ర వేసుకుంటూనే. దీనికి నాకు రూపాయి ఖర్చు కాలేదు. టీల డబ్బు మిగిలింది కూడా.

గౌతమి_నర్సు
ఆయ్, బాగా రాశారండి. బీపీ బాగుందని మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఉప్పు కూడా చూసుకోండి. రోజంతటికీ మనిషికి ఐదు గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక్క చిన్న చెంచాడు. మన పచ్చళ్ళతో, ఎండుచేపలతో అది పొద్దున్నే అయిపోతుంది.

భీమవరం_చెరువు
ఎండుచేప తగ్గిస్తాను. ఆవకాయ జోలికి మాత్రం రాకండి నర్సుగారూ 🙏

సఖినేటిపల్లి_సత్తిబాబు
నాదీ ఒక మాట. మా అన్నయ్య కొబ్బరి దింపు కార్మికుడు. రోజంతా చెట్లెక్కి దిగితే ఒళ్ళు హూనమైపోతుంది, ఒళ్ళు నొప్పులకని సాయంత్రం క్వార్టర్ అలవాటు చేసుకున్నాడు. అది తనని తాను చూసుకోవడమే అనుకున్నాడు. రోజుకి నూట ముప్పై, నూట యాభై అయ్యేది. ఇప్పుడు మానేసి ఎనిమిది నెలలు. సాయంత్రం వేణ్ణీళ్ళ స్నానం, వదిన పిక్కలకి కొబ్బరినూనె రాస్తుంది, ఎనిమిదిన్నరకల్లా పడక. ఒళ్ళు నొప్పులు పూర్తిగా పోలేదు. కానీ పొద్దున్న చెట్టెక్కే మోకు పట్టుకుంటే చెయ్యి వణకడం లేదు. ఆ వణుకు చూసి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

కువైట్_చెల్లి
నేను పాలకొల్లు దగ్గర నుంచి వచ్చి ఇక్కడ ఇంటిపని చేస్తున్నాను. ఆరేళ్ళయింది. మాకు టైమ్ మన చేతిలో ఉండదు. ఇక్కడికొచ్చాక తెలిసింది, నన్ను ఎక్కువ కుంగదీసింది పని కాదు, ఇంటికి చేసే ఫోను. ఎప్పుడు చేసినా డబ్బు మాటే. ఫీజులు, వడ్డీ, పైకప్పు రేకులు. ఫోన్ పెట్టేశాక గంటసేపు గుండె దడ. పోయిన ఏడాది మా అమ్మతో చెప్పేశాను. శుక్రవారం చేసే ఫోన్లో డబ్బు మాట ఎత్తకూడదు, ఏమున్నా మిగతా రోజుల్లో చెప్పండి అని. మొదటి శుక్రవారం ఇద్దరికీ మాటలు దొరకలేదు. ‘ఏం కూర వండావు’ అంటే ‘బచ్చలికూర’ అంది. ‘కందా బచ్చలా?’ అంటే, కంద ఎక్కడ దొరికింది, ఎంత దురద పెట్టింది, పక్కింటావిడ చింతపండు ఎక్కువ వేసి ఎలా పాడుచేసింది, ఇరవై నిమిషాలు చెప్పింది. నవ్వుకున్నాం. అలా నవ్వుకుని ఎన్నేళ్ళయిందో.

మామ్మ_మాట
కువైట్ తల్లీ, ఈసారి ఊరొచ్చినప్పుడు మా ఇంటికి రా. కంద బచ్చలి నేను వండిపెడతాను.

వశిష్ఠ_గట్టు
కోనసీమ అక్కా, నడక మొదలెట్టండి. వారానికి నూట యాభై నిమిషాలు చాలంటారు, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. నేను పొద్దున్న ఏటిగట్టు మీద నడుస్తాను. పైసా ఖర్చు లేదు, గాలి బాగుంటుంది.

లంకలో_ఇల్లు
మీరు మగవాళ్ళు కాబట్టి గట్టు మీద ఒక్కరే నడిచేస్తారు తమ్ముడూ. నేను ఐదున్నరకి గట్టెక్కితే వారం తిరక్కుండా ‘ఎక్కడికెళ్తోంది, ఎవరికోసం’ అని మొదలైంది. దానికి తోడు కుక్కలు. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకున్నాక నోళ్ళు మూతపడ్డాయి. ఒక్కరే అయితే డాబా మీద నడవండి, అదీ నడకే.

వశిష్ఠ_గట్టు
అక్కా, నిజమే. ఆ సంగతి నాకు తట్టలేదు. మా చెల్లి కూడా అందుకే రానంటుందేమో, ఈ రోజే అడుగుతాను.

లంకలో_ఇల్లు
వరదల టైమ్ గురించి కూడా రాయాలి, గోదావరి మధ్యలో ఉండే మా లంక ఊళ్ళ వాళ్ళకి పనికొస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటిపోయినప్పుడు మా ఇంట్లో నడుంలోతు నీళ్ళు. ఆ ఏడాది నుంచి వాన పడితే చాలు నాకు కడుపులో తిప్పుతుంది. టీవీ పెట్టుకుని, పది ఫోన్ గ్రూపులు చూసుకుంటూ తెల్లార్లూ కూర్చునేదాన్ని. సగం పాత వీడియోలే. ఇప్పుడు లెక్క పెట్టుకున్నాను. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి బ్యారేజీ దగ్గర మట్టం చూస్తాను. 11.75కి వచ్చి మొదటి హెచ్చరిక వేస్తే కాగితాలు, బట్టలు, మందులు ఒక సంచిలో సర్దుతాను. 13.75కి రెండోది వేస్తే ఆవునీ దూడనీ గట్టు మీదకి తోలేస్తాం. చేయాల్సింది ముందే రాసిపెట్టుకుంటే మధ్యలో కాస్త నిద్ర పడుతోంది. టెన్షన్ పోలేదు, కానీ రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చోవడం పోయింది.

కాకినాడ_హాస్టల్
ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి... రీల్స్ చూడటం కూడా ఫ్రీయే కదా అని నేను రాత్రి ఒంటిగంట దాకా చూసేదాన్ని. మర్నాడు క్లాసులో తల వాలిపోయేది. ఇప్పుడు ఛార్జర్ నా మంచానికి దూరంగా, తలుపు దగ్గర పెట్టాను. లేచి వెళ్ళాలంటే బద్ధకం. ఆ బద్ధకమే నిద్రపుచ్చుతోంది.

ఏటూరి_పుస్తకం
ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటే వెళ్ళండి. పేపర్లు, వారపత్రికలు ఊరికే చదువుకోవచ్చు. మా ఊళ్ళో సాయంత్రం తీస్తారు. నేను కొట్టు కట్టేసి అరగంట అక్కడ కూర్చుని ఇంటికెళ్తాను. బేరాల్లో వచ్చిన చిరాకంతా అక్కడే దిగిపోతుంది.

రిటైర్డ్_మాస్టారు
నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. నర్సాపురం అమ్మాయి అడిగిన మాటకి జవాబు నా దగ్గర లేదు. ఒక సంగతి గుర్తొచ్చింది, అది రాయాలనిపించింది.

మా అమ్మ రోజూ మధ్యాహ్నం మూడు గంటలకి బిందె చంకనెట్టుకుని కాలువ రేవుకి వెళ్ళేది. మా ఇంటికీ రేవుకీ వంద అడుగుల దూరం. బిందె నింపడానికి పది నిమిషాలు చాలు. ఆవిడ గంటకి గానీ వచ్చేది కాదు. రావిచెట్టు కింద మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. మా నాన్నగారు ‘బిందెడు నీళ్ళకి ఇంతసేపా’ అని కేకలేసేవారు. ఆవిడ ఏమీ అనేది కాదు, మర్నాడు మళ్ళీ మూడింటికి బిందె తీసేది. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో చెరువుకి వెళ్ళేది, అది ఇంకా దూరం, ఇంకా ఆలస్యం. అప్పుడు ఆవిడ మనసు బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

మా ఇంట్లో పంపు వేయించింది నేనే. ఉద్యోగం వచ్చిన కొత్తలో, అమ్మకి కష్టం తప్పించానని గొప్పగా అనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ రేవుకి వెళ్ళలేదు, వెళ్ళడానికి పని లేదు కదా. మధ్యాహ్నాలు వంటింట్లోనే ఉండేది. తలనొప్పి అంటూ ఉండేది. నేను మాత్రలు తెచ్చిచ్చాను.

మా అమ్మ తనని తాను చూసుకోలేదని రాశాను. చూసుకుంది. నేను గమనించలేదు. కోనసీమ కోడలు గారూ, నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను.

నర్సాపురం_లేసు
మాస్టారూ... మా అమ్మకి వాకిట్లో ముగ్గు. చిన్న ముగ్గు వేస్తే సరిపోయే రోజు కూడా ఇరవై ఒక్క చుక్కలు పెట్టి కూర్చునేది. ఎందుకో మీ పోస్టు చదివాక తెలిసింది. ఏడుపొచ్చింది.

కడియం_మొక్క
కోనసీమ అక్కా, మీరు డబ్బు లేకుండా ఎలా అని అడిగారు. కానీ కొవ్వొత్తి నెలన్నరగా డబ్బాలోనే ఉందని మీరే అన్నారు. వెలిగించడానికి ఖర్చేం లేదు, ఇంట్లో ఉన్నదే. మీకు లేనిది రేవు. మిమ్మల్ని ఎవరూ పిలవని ఒక అరగంట.

కోనసీమ_కోడలు
అవును. చదువుతూ స్కూలు స్టాఫ్ రూమ్‌లో అలాగే కూర్చుండిపోయాను. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇంట్లో ఉండగా నన్ను ఎవరూ పిలవని అరగంట గుర్తు రావడం లేదు. బాత్రూమ్‌లో ఉన్నా తలుపు కొడతారు. కానీ అత్తగారిని ఎవరికి అప్పగించి వెళ్ళను?

లంకలో_ఇల్లు
మీ ఆయనకి. ఆయన తల్లే కదా.

పాలకొల్లు_పిన్ని
అంత తేలిగ్గా అనేయకు. మా ఇంట్లో అడిగి చూశాను. ‘నాకు చేతకాదు’ అని రెండు రోజుల్లో వదిలేశారు. మగాళ్ళకి చెప్పడం గోడకి చెప్పడం ఒకటే.

భీమవరం_చెరువు
పిన్నీ, చేతకాదన్నది కొంత నిజమే. మా నాన్న మంచం పట్టినప్పుడు ఎలా తిప్పాలో, దుప్పటి ఎలా మార్చాలో నాకు తెలియదు. మా ఆవిడ రెండు రోజులు పక్కనుండి చేయించింది, మూడో రోజు నుంచి వచ్చేసింది. ‘కాస్త చూసుకోండి’ అంటే మాకు ఏమీ అర్థం కాదు. ‘ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా మీరు ఇవీ ఇవీ చేయండి, నేను పలకను’ అని చెప్పాలి.

గౌతమి_నర్సు
పక్షవాతం వచ్చినవాళ్ళని బలహీనంగా ఉన్న చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు జారుతుంది. ఈ ఒక్కటి మీ ఆయనకి తప్పక చెప్పండి. మంచంలోనే ఉండేవారైతే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఇంకోటి, ఆవిడ ఎడమ చేత్తో చేయగలిగిన పని ఆవిడకి ఇవ్వండి. ఊరికే కూర్చోబెడితే ఆవిడ మనసూ కుంగుతుంది, ఊరికే పిలుస్తూనే ఉంటారు.

మామ్మ_మాట
అది నిజం. నాకు మోకాళ్ళు పోయాక కోడలు నన్ను పని ముట్టనిచ్చేది కాదు, ప్రేమతోనే. నాకు తోచక గంటకి పదిసార్లు పిలిచేదాన్ని. ఇప్పుడు చింతపండు పిక్కలు తీస్తాను, వత్తులు చేస్తాను. దానికీ హాయి, నాకూ హాయి.

కోనసీమ_కోడలు
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెబుతాను.

హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. మాత్రలిచ్చారు, మొదట్లో కడుపులో వికారంగా ఉండేది. నర్సుగారు చెప్పినట్టు టీకి గంట ఆగుతున్నాను, చాలా కష్టంగా ఉంది. 14416కి రెండుసార్లు మాట్లాడాను. మా బాబుని కొట్టిన సంగతి చెప్పి ఏడ్చాను. వాడికి సారీ చెప్పారా అని అడిగారు. చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను. ‘పర్లేదమ్మా, పెన్సిల్ దొరికింది’ అన్నాడు.

మా ఆయనకి భీమవరం అన్నయ్య చెప్పినట్టే చెప్పాను. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా అత్తగారి దగ్గర ఆయనే. మొదటి రోజు ఎనిమిది నిమిషాలకే పిలిచారు, బెడ్‌పాన్ ఎక్కడుందని. రెండో రోజు దుప్పటి గురించి. మూడో రోజు అత్తగారే ‘దాన్నెందుకు పిలుస్తావు, నువ్వు చెయ్’ అన్నారట. నేను పెరట్లో కాలువ వైపు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఏమీ చేయను. మొదటి వారం అలా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది, లేచి లోపలికి తొంగిచూసేదాన్ని. ఇప్పుడు కప్పల అరుపులు వింటున్నాను.

అత్తగారు ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పొద్దుటి కూరకి రాత్రే రెడీ. మొన్న కరెంటు పోయినప్పుడు ఆ కొవ్వొత్తి తీశాం. మల్లెపూల వాసన, ఇల్లంతా. ‘ఇది ఎంతేమిటి’ అని అత్తగారు అడిగితే చెప్పలేదు.

కోపం ఇంకా వస్తోంది. నిన్న పాప మీద కేకలేశాను. కానీ కొట్టలేదు.

పాలకొల్లు_పిన్ని
నేనూ మళ్ళీ అడిగి చూస్తాను ఇంట్లో. ఈసారి టైమ్ చెప్పి.

రిటైర్డ్_మాస్టారు
సంతోషం తల్లీ. మా ఇంట్లో రాత్రి అంట్లు నేను తోముతున్నాను ఈ మధ్య. మా ఆవిడ ఎదురింటి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటోంది.

కువైట్_చెల్లి
అక్కా, ఆ కప్పల అరుపు ఒక్కసారి రికార్డు చేసి పెడతారా? ఇక్కడ అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

కోనసీమ_కోడలు
ఈ రాత్రే పెడతాను చెల్లీ.

లంకలో_ఇల్లు
ఒక ఆలోచన. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమే కదా. ఆధార్ కార్డు ఉంటే చాలు. ఒక రోజు అందరం అంతర్వేది వెళ్దామా? నరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేది చూసి, సాయంత్రానికి ఇంటికి.

పాలకొల్లు_పిన్ని
ఉచితం అంటారు గానీ బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండటం లేదు. పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని ఎలా ఎక్కుతాం?

లంకలో_ఇల్లు
పొద్దున్న మొదటి బస్సుకి రద్దీ తక్కువ పిన్నీ. ఎండ కూడా తప్పుతుంది.

నర్సాపురం_లేసు
నేను పంటు (పెద్ద పడవ) మీద ఏరు దాటి సఖినేటిపల్లి రేవులో దిగుతాను, అక్కడ కలుద్దాం. లేసు సంచి తెచ్చుకోను, ఒట్టు.

కోనసీమ_కోడలు
రెండో శనివారం అయితే నాకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఆయన ఇంట్లో ఉంటానన్నారు. రాజోలు నుంచి పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికో ఎవరికైనా తెలుసా?

సఖినేటిపల్లి_సత్తిబాబు
మా బావమరిది డిపోలో పనిచేస్తాడు, కనుక్కుని రేపు రాస్తాను. శనివారం స్వామి దర్శనానికి జనం ఉంటారు, ముందు గుడికి వెళ్ళి తర్వాత సముద్రం దగ్గరికి వెళ్ళండి. నీళ్ళలోకి మాత్రం ఎక్కువ దిగకండి, అక్కడ లాగేస్తుంది.

మామ్మ_మాట
నేను రాలేను గానీ కొబ్బరన్నం వండి లంక అమ్మాయి చేత పంపిస్తాను. పులిహోర ఎవరూ తేవద్దు, ఎండకి తింటే దాహం ఎక్కువవుతుంది.

పాలకొల్లు_పిన్ని
సరే, నేనూ వస్తున్నా. మజ్జిగ నాది. ఎంతమందికి కలపాలో చెప్పండి.